ఆ ‘రెండు’ ఎక్కడిది?

కథను సమీక్షిస్తారు, సినిమాను సమీక్షిస్తారు. పాఠంలో ఉన్న ఒక వివరణను మాత్రం ఎవరూ సమీక్షించరు. అది పరీక్షలో రాయాల్సిన జవాబు కాబట్టి నేర్చుకుంటాం, రాస్తాం, మర్చిపోతాం. ఈ వ్యాసంలో అలాంటి వివరణ ఒకటి తీసుకుని, కథను చూసినట్టే చూడాలనుకుంటున్నాను. అది ఏం చెప్పింది, ఎంత బాగా చెప్పింది, ఏం చెప్పకుండా దాటేసింది అని.

ఆ వివరణ మీకు తెలిసిందే. దాదాపు ఇలా ఉంటుంది: భూమి తిరుగుతోంది. భూమధ్యరేఖ దగ్గర నేల తూర్పుకి ఎక్కువ వడితో పోతోంది. ఉత్తరానికి వెళ్ళేకొద్దీ ఆ వడి తక్కువ. అందుకని ఉత్తరం నుంచి భూమధ్యరేఖ వైపు వచ్చే గాలి, అక్కడి నేల కన్నా వెనకబడిపోతుంది. నేల మీద నిలబడి చూసేవాళ్ళకి అది ఈశాన్యం నుంచి వీస్తున్నట్టు ఉంటుంది. గాలులు ఎందుకు వంగుతాయి అంటే మనలో చాలామంది రాసే జవాబు ఇదే. భూగోళం పాఠాల్లో, గైడుల్లో, వీడియోల్లో ఇదే మాట రకరకాలుగా కనిపిస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్తాను. ఈ వివరణ దిక్కు సరిగ్గా చెప్తుంది, లెక్క సగమే చెప్తుంది. మిగతా సగం ఎక్కడుందో తెలియాలంటే, చుట్టూ తిరుగుతూనే కేంద్రానికి దగ్గరగానో దూరంగానో జరిగే వస్తువుకి త్వరణం ఎలా వస్తుందో చూడాలి. పెద్ద తరగతుల్లో దీన్ని ‘ధ్రువ నిరూపకాలలో త్వరణం’ అంటారు. పేరు వింటే భయం వేస్తుంది గానీ, రంగులరాట్నం మీద నాలుగు అడుగులు వేస్తే సరిపోయే విషయం.

త్వరణం అనే మాట

ముందు మాటల సంగతి. మన తెలుగు సైన్సు పుస్తకాల్లో ‘వడి’ వేరు, ‘వేగం’ వేరు. వడి అంటే ఎంత జోరుగా పోతున్నాం అన్నది మాత్రమే. వేగం అంటే ఎంత జోరుగా, ఏ దిక్కుకి అన్న రెండూ. ఈ తేడాకి రెండు విడి మాటలు ఉండటం మన అదృష్టం. కానీ ‘త్వరణం’ దగ్గరికి వచ్చేసరికి మాట కొంచెం దారి తప్పిస్తుంది. త్వర అంటే తొందర. అందుకని త్వరణం అనగానే జోరు పెరగడం అనుకుంటాం. నిజానికి వేగంలో ఏ మార్పు వచ్చినా త్వరణమే. జోరు తగ్గినా త్వరణమే. జోరు మారకుండా దిక్కు మాత్రం మారినా త్వరణమే.

ఈ చివరి మాటని బాగా చెప్పిన పేజీ ఒకటుంది. ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి విజ్ఞాన శాస్త్రంలో, ఎన్నో ఏళ్ళు పిల్లలు చదివిన ‘చలనం’ పాఠంలోనిది. అందులో ఒక క్రీడాకారుడు పరుగెత్తుతుంటాడు. దీర్ఘచతురస్రం ఆకారపు దారి అయితే ఒక చుట్టులో నాలుగుసార్లు మలుపు తిరగాలి. ఆరు భుజాల దారి అయితే ఆరుసార్లు, ఎనిమిది భుజాలైతే ఎనిమిదిసార్లు. భుజాలు పెంచుకుంటూ పోతే ఒక్కో భుజం చిన్నదై చిన్నదై చివరికి చుక్క అయిపోతుంది, దారి వృత్తం అయిపోతుంది. అంటే వృత్తం మీద పరుగెత్తేవాడు ప్రతి క్షణం మలుపు తిరుగుతూనే ఉన్నాడు. ఒక్క సూత్రం లేకుండా, బొమ్మలతో ఇంత పెద్ద సంగతి చెప్పడం నాకు చాలా నచ్చింది. ఆ తర్వాత దారానికి రాయి కట్టి తిప్పి వదిలితే, రాయి స్పర్శరేఖ వెంట సూటిగా పోతుందని కూడా చూపిస్తారు. ఒడిసెల తిప్పినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు.

అయితే ఆ పేజీ రెండు చోట్ల ఆగిపోతుంది. మలుపు వల్ల త్వరణం ఉందని చెప్తుంది, ఎంత అన్నది చెప్పదు. ఇంకోటి, ఆ క్రీడాకారుడు కేంద్రం నుంచి ఎప్పుడూ ఒకే దూరంలో ఉంటాడు. దారం పొడవు మారదు. గాలి అలా కాదు, గ్రహం అలా కాదు. అవి తిరుగుతూనే దూరం మార్చుకుంటాయి. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

రెండు బాణాలు

ఊళ్ళో ఎవరైనా ఇల్లు అడిగితే మనం ఎలా చెప్తాం? “గుడి దగ్గర నిలబడి, చెరువు వైపు తిరిగి, రెండు వందల అడుగులు పొండి.” ఒక కేంద్రం, ఒక దిక్కు, ఒక దూరం. ధ్రువ నిరూపకాలు అంటే ఇంతే. గ్రాఫు కాగితం మీద అడ్డం ఇంత, నిలువు ఇంత అని చెప్పే బదులు, కేంద్రం నుంచి ఎంత దూరం, ఎంత కోణంలో అని చెప్పడం.

ఇలా చెప్పినప్పుడు వేగాన్ని కూడా రెండు బాణాలుగా విడదీయొచ్చు. కేంద్రం నుంచి బయటికి చూపే బాణం ఒకటి, అంటే దూరం ఎంత జోరుగా పెరుగుతోంది అన్నది. చుట్టూ తిరిగే దిక్కుని చూపేది రెండోది. వీటిని ‘బయటి బాణం’, ‘చుట్టు బాణం’ అందాం. గ్రాఫు కాగితం మీద గీతలు కదలవు. ఇక్కడ మాత్రం మనిషి తిరుగుతుంటే అతనితో పాటు ఈ రెండు బాణాలూ తిరిగిపోతుంటాయి. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే మిగిలినదంతా దానంతట అదే వస్తుంది.

ఇప్పుడు రంగులరాట్నం. కింద గుండ్రటి పలక మొత్తం తిరిగే రకం అనుకోండి. ఒక చుట్టుకి 6.28 సెకన్లు పడుతుంది. ఈ అంకె కావాలనే తీసుకున్నాను. కేంద్రం నుంచి 1 మీటరు దూరంలో చుట్టుకొలత 6.28 మీటర్లు కాబట్టి అక్కడ పలక వడి సెకనుకి 1 మీటరు. 2 మీటర్ల దూరంలో సెకనుకి 2 మీటర్లు. లెక్క సులువు.

పలక మీద కేంద్రం నుంచి అంచు దాకా ఒక తెల్ల గీత గీశారు. ఒక అబ్బాయి ఆ గీత మీదే, సెకనుకి 1 మీటరు చొప్పున బయటికి నడుస్తున్నాడు. అతనికి చుట్టు దిక్కులో త్వరణం ఎంత?

మొదటి జవాబు అందరికీ తడుతుంది. 1 మీటరు దగ్గర ఉన్నప్పుడు అతని చుట్టు బాణం 1. ఒక సెకను తర్వాత 2 మీటర్ల దగ్గరికి చేరాడు, ఇప్పుడు చుట్టు బాణం 2. ఒక సెకనులో 1 పెరిగింది. కాబట్టి త్వరణం 1 మీ/సె². చాలామంది ఇక్కడే ఆగుతారు. పైన చెప్పిన గాలి వివరణ కూడా ఇక్కడే ఆగింది.

కానీ ఇంకో బాణం ఉంది కదా. బయటి బాణం పొడవు 1, అది మారలేదు. దిక్కు మారింది. అబ్బాయికి తను గీత మీద సూటిగా పోతున్నట్టే ఉంటుంది. కింద నేల మీద నిలబడి చూసేవాళ్ళకి ఆ గీతే తిరుగుతోంది. సెకనులో పదోవంతు తీసుకోండి. ఆ కాస్త సేపట్లో 1 పొడవున్న బాణం కొన పక్కకి 0.1 జరుగుతుంది. గడియారం ముల్లు కొన ఎలా ముల్లుకి అడ్డంగా జరుగుతుందో అలాగే. 0.1 సెకనులో 0.1 అంటే సెకనుకి 1 చొప్పున. ఏ దిక్కుకి? రాట్నం తిరిగే దిక్కుకే.

ఒకటి, ఒకటి, మొత్తం రెండు. ఆ అబ్బాయి అరికాళ్ళకీ పలకకీ మధ్య రాపిడి అతన్ని 2 మీ/సె² చొప్పున ముందుకి తొయ్యాలి. లేకపోతే గీత మీద నిలబడలేడు, వెనక్కి జారిపోతాడు. మొదటి ‘ఒకటి’ ఎక్కువ జోరున్న చోటికి వచ్చినందుకు. రెండో ‘ఒకటి’ అతని సొంత నడక దిక్కు తిరిగిపోతున్నందుకు. పెద్ద తరగతుల సూత్రంలో కనిపించే ‘2’ ఇదే.

మొత్తం లెక్క వేస్తే ఇలా ఉంటుంది. బయటి బాణం పొడవు మారితే త్వరణం బయటికో లోపలికో ఉంటుంది. బయటి బాణం తిరిగితే త్వరణం చుట్టు దిక్కుకి. చుట్టు బాణం తిరిగితే దాని కొన కేంద్రం వైపుకి జరుగుతుంది, అదే మన అభికేంద్ర త్వరణం. ఇక చుట్టు బాణం పొడవు మారడానికి రెండు కారణాలు ఉండొచ్చు. తిరిగే జోరు పెరగడం ఒకటి, తిరిగే జోరు అదే ఉన్నా కేంద్రం నుంచి దూరం పెరగడం ఇంకోటి. అంతా కలిపి ఐదు మార్పులు. అందులో రెండు ఎప్పుడూ సమానం, ఒకే దిక్కుకి, అందుకే పుస్తకంలో రెండింటినీ కలిపేసి 2 అని రాస్తారు.

హాడ్లీ గారి వివరణ

గాలి గురించి మనం రాసే జవాబు ఎక్కడిదో ఇప్పుడు చూద్దాం. జార్జి హాడ్లీ అనే ఇంగ్లీషు ఆయన 1735లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వ్యాపార పవనాల గురించి ఒక చిన్న వ్యాసం రాశారు. భూమి తిరగడం వల్ల, ఒక్కో అక్షాంశం దగ్గర నేల ఒక్కో వడితో పోతుందనీ, గాలులు వంగడానికి అదే కారణమనీ అందులో చెప్పారు. ఇది చిన్న విషయం కాదు. గాలి ఏ దిక్కు నుంచి వీస్తుందన్నదాన్ని భూమి తిరుగుడుతో ముడిపెట్టి చూడటం గొప్ప ఆలోచన. సముద్రం మీద తెరచాపల ఓడలు నడిచే కాలంలో దాని విలువ ఇంకా ఎక్కువ. అందుకు ఆయనకి మనం మర్యాద ఇవ్వాలి.

ఇప్పుడు లెక్క. భూమధ్యరేఖ దగ్గర నేల వడి గంటకి సుమారు 1670 కిలోమీటర్లు. మన బరంపురం సుమారు 19.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఇక్కడ నేల వడి గంటకి సుమారు 1576 కిలోమీటర్లు. హాడ్లీ వివరణ ప్రకారం, ఇక్కడ నేలతో పాటు తిరుగుతున్న గాలి భూమధ్యరేఖకి చేరితే, తన 1576ని అలాగే పట్టుకుని వస్తుంది. కాబట్టి అక్కడి నేల కన్నా గంటకి 94 కిలోమీటర్లు వెనకబడుతుంది.

ఇక్కడే నా అభ్యంతరం. తూర్పు దిక్కుకి ఎవరూ తొయ్యని, ఎవరూ ఆపని గాలి తన 1576ని అలాగే నిలుపుకుంటుందని ఎవరు చెప్పారు? న్యూటన్ మొదటి నియమం చెప్పిందనిపిస్తుంది. కానీ ఆ నియమం చెప్పేది మొత్తం వేగం గురించి. చుట్టు బాణం గురించి విడిగా ఏమీ చెప్పదు.

దీన్ని పరీక్షించడానికి సైకిలు చాలు. సూటిగా ఉన్న రోడ్డు. రోడ్డు పక్కన 10 మీటర్ల దూరంలో ఒక స్తంభం. సైకిలు సెకనుకి 10 మీటర్ల వడితో, పెడలు తొక్కకుండా, బ్రేకు వెయ్యకుండా, రాపిడి లేదనుకుని పోతోంది. దానికి త్వరణం సున్నా. స్తంభానికి సరిగ్గా ఎదురుగా వచ్చినప్పుడు, స్తంభాన్ని కేంద్రంగా పెట్టుకుని చూస్తే వేగం మొత్తం చుట్టు బాణమే: 10. బయటి బాణం సున్నా. ఒక సెకను తర్వాత సైకిలు 10 మీటర్లు ముందుకి పోయింది. పైథాగరస్ ప్రకారం స్తంభం నుంచి దూరం 14.14 మీటర్లు. కోణం 45 డిగ్రీలు. ఇప్పుడు అదే వేగాన్ని విడదీస్తే బయటి బాణం 7.07, చుట్టు బాణం 7.07.

చుట్టు బాణం 10 నుంచి 7.07కి తగ్గిపోయింది. ఎవరూ ఆపలేదు. సైకిలు సూటిగానే పోతోంది. కేంద్రానికి దూరం అవుతున్న వస్తువు చుట్టు బాణం దానంతట అదే తగ్గిపోతుందన్నమాట. ఇంకో సంగతి చూడండి. మొదట దూరం × చుట్టు బాణం = 10 × 10 = 100. తర్వాత 14.14 × 7.07 = 100. మారకుండా నిలిచేది ఈ గుణకారం ఫలితం. చుట్టు బాణం ఒక్కటే నిలవదు.

గాలికీ ఇదే వర్తిస్తుంది. బరంపురం నుంచి భూమి అక్షానికి దూరం సుమారు 6020 కిలోమీటర్లు, భూమధ్యరేఖ నుంచి సుమారు 6378. దూరం పెరిగింది కాబట్టి గాలి వడి తగ్గుతుంది. 1576ని 6020తో గుణించి 6378తో భాగిస్తే సుమారు 1487. నేల వడి 1670. వెనకబాటు 183 కిలోమీటర్లు. హాడ్లీ లెక్కకి వచ్చిన 94కి ఇది దాదాపు రెండింతలు. నేల జోరు పెరగడం ఒక సగం, గాలి సొంత జోరు తగ్గడం ఇంకో సగం. రాట్నం మీద చూసిన ఒకటీ ఒకటీ ఇవే.

నిజంగా గాలి ఇంత జోరుగా వెనకబడదు, ఎందుకంటే నేల, సముద్రం దాన్ని రాపిడితో తమతో పాటు లాక్కుపోతాయి. ఈ మాట హాడ్లీ కూడా తన వ్యాసంలో చెప్పారు. కాబట్టి గాలిని కొలిచి చూసి ఆయన లెక్క సగమే అని పట్టుకోవడం ఆ రోజుల్లో కుదరదు. అయినా ఆధారాలు మాత్రం ఆకాశంలో ఉన్నాయి. గ్రహాన్నీ సూర్యుణ్ణీ కలిపే గీత సమాన కాలాల్లో సమాన వైశాల్యాలు తుడుస్తుందని కెప్లర్ 1609లోనే చెప్పాడు. కేంద్రం వైపు లాగే ఏ బలానికైనా ఇది వర్తిస్తుందని న్యూటన్ 1687లో నిరూపించాడు. మన భూమినే చూడండి. జనవరి మొదట్లో సూర్యుడికి సుమారు 14.71 కోట్ల కిలోమీటర్ల దూరంలో, సెకనుకి 30.29 కిలోమీటర్ల వడితో ఉంటుంది. జూలై మొదట్లో 15.21 కోట్ల కిలోమీటర్ల దూరంలో, సెకనుకి 29.29 కిలోమీటర్ల వడితో. రెండు జతలనీ గుణించి చూడండి. రెండుసార్లూ దాదాపు 445.5 వస్తుంది. దూరం అయినప్పుడు వడి తగ్గింది. సైకిలు చేసిన పనే భూమీ చేస్తోంది.

తూర్పుకి పోయే గాలి సంగతి ఏమిటి?

హాడ్లీ వివరణలో ఇంకో లోటు ఉంది. నా దృష్టిలో ఇది మొదటిదాని కన్నా పెద్దది. అక్షాంశం మారితేనే నేల వడి మారుతుంది. మరి నేరుగా తూర్పుకి వీచే గాలి అక్షాంశం మారదు. అది వంగకూడదు కదా? కానీ వంగుతుంది.

మన దగ్గర ఇది పుస్తకం విషయం కాదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. ఇంట్లో పెద్దవాళ్ళకి ఆ రాత్రి బాగా గుర్తు. ఉత్తరార్ధగోళంలో ఏ తుఫాను అయినా గడియారం ముల్లుకి ఎదురు దిక్కులో తిరుగుతుంది. నడిమిన ఒత్తిడి తక్కువ కాబట్టి నాలుగు దిక్కుల నుంచీ గాలి లోపలికి వస్తుంది, వచ్చే ప్రతి గాలీ తన కుడి పక్కకి వంగుతుంది, అందుకే సుడి. ఉత్తరం నుంచి వచ్చేదీ, దక్షిణం నుంచి వచ్చేదీ మాత్రమే వంగి, తూర్పు పడమరల నుంచి వచ్చేవి సూటిగా వస్తే ఆ సుడి అలా ఉండదు. తుఫానును వివరించడానికి హాడ్లీ మాట తీసుకొస్తే సగం దిక్కులకి జవాబు లేదు.

రాట్నం మీద దీనికీ జవాబు దొరుకుతుంది. అబ్బాయి ఇప్పుడు కేంద్రం నుంచి 2 మీటర్ల దగ్గర ఉన్నాడు. ఊరికే నిలబడితే అతని వడి 2, లోపలి వైపు కావాల్సిన త్వరణం వడి వర్గాన్ని దూరంతో భాగిస్తే వస్తుంది: 4 ÷ 2 = 2. ఇప్పుడు అతను అదే దూరంలో, రాట్నం తిరిగే దిక్కుకే సెకనుకి 1 మీటరు చొప్పున నడిచాడు. నేల మీది నుంచి చూస్తే వడి 3. కావాల్సిన త్వరణం 9 ÷ 2 = 4.5. ఇందులో 2 రాట్నం వాటా. రాట్నం ఆగి ఉన్నప్పుడు అలా గుండ్రంగా నడిచినా 1 ÷ 2 = 0.5 కావాలి, అది అతని నడక వాటా. 4.5 నుంచి ఈ రెండూ తీసేస్తే మిగిలేది 2.

మళ్ళీ అదే 2! బయటికి నడిచినా 2, ముందుకి నడిచినా 2. అదనంగా కావాల్సిన ఈ తోపు అందకపోతే, బయటికి నడిచేవాడు వెనక్కి జారినట్టే, ముందుకి నడిచేవాడు బయటికి జారిపోతాడు. భూమి మీద తూర్పుకి పోయే గాలి కూడా అక్షం నుంచి బయటికి జారాలని చూస్తుంది. భూమి గోళం కాబట్టి ఆ జారుడులో కొంత పైకి, కొంత దక్షిణానికి పడుతుంది. తూర్పుకి పోయేవాళ్ళకి దక్షిణం కుడి పక్క. సుడి పూర్తయింది. ఏ దిక్కుకి నడిచినా లెక్క ఒకటే అన్న ఈ అందాన్ని హాడ్లీ వివరణ మనకి చూపించదు.

ఈ లెక్కని పూర్తిగా రాసిన ఫ్రెంచి శాస్త్రవేత్త పేరు కొరియోలిస్. ఆయన వ్యాసం 1835లో వచ్చింది, హాడ్లీ వ్యాసానికి సరిగ్గా వందేళ్ళ తర్వాత. ఆయన ఆలోచించింది గాలుల గురించి కాదు, నీటి చక్రాల్లాంటి తిరిగే యంత్రాల గురించి. గాలుల పాఠంలో మనం ఆయన పేరు చెప్పి, పక్కనే హాడ్లీ వివరణ రాస్తున్నాం. పేరు ఒకరిది, కారణం ఇంకొకరిది.

పెద్ద పుస్తకం తప్పు ఇంకో రకం

మరి పెద్ద తరగతుల పుస్తకాలు బాగా చెప్తున్నాయా? అక్కడ సూత్రం పూర్తిగా ఉంటుంది. చుట్టు త్వరణం అంటే దూరం × కోణీయ త్వరణం, దానికి 2 × దూరం మారే వేగం × కోణీయ వేగం కలపాలి. సగం మింగెయ్యడం ఉండదు. కానీ ఆ 2 అక్కడికి ఎలా వచ్చిందంటే, రెండుసార్లు అవకలనం చేశాం కాబట్టి వచ్చింది అంటారు. మొదటి వరుసలో ఒక పదం, నాలుగో వరుసలో ఇంకో పదం, రెండూ ఒకేలా ఉన్నాయి కాబట్టి కలిపేశాం. అంతే. ఒకటి స్థలం మారినందుకు వచ్చిందనీ, ఇంకోటి దిక్కు తిరిగినందుకు వచ్చిందనీ ఒక్క వాక్యం రాసి ఉంటే బాగుండేది.

కాబట్టి మన ముందు రెండు రకాల వివరణలు ఉన్నాయి. ఒకటి అర్థమవుతుంది, సగమే ఉంటుంది. ఇంకోటి పూర్తిగా ఉంటుంది, అర్థం కాదు. సులువుగా చెప్పాలంటే సగం వదిలెయ్యాల్సిందేనా? కాదని పైన చేసిన లెక్కలే చెప్తున్నాయి. కూడిక, భాగహారం, పైథాగరస్ తప్ప అందులో ఇంకేమీ వాడలేదు. అవకలనం రాని పదో తరగతి వాళ్ళకి కూడా మొత్తం రెండూ చూపించొచ్చు.

“స్కూలు పిల్లలకి దిక్కు తెలిస్తే చాలదా, లెక్క ఎందుకు?” అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. పాఠం చిన్నది చెయ్యడానికి కొన్ని వదిలెయ్యాలి, తప్పదు. తొమ్మిదో తరగతి పుస్తకంలో క్రీడాకారుడి పేజీ కూడా చాలా వదిలేసింది. కానీ అది చెప్పినంతవరకు నిజమే చెప్పింది. తర్వాత పై తరగతికి వెళ్ళినప్పుడు దాని మీదే కట్టుకోవచ్చు, కూల్చక్కర్లేదు. ‘గాలి తన వడిని నిలుపుకుంటుంది’ అన్న మాట అలాంటిది కాదు. దాన్ని కూల్చితే గానీ ముందుకి పోలేం. వదిలెయ్యడానికీ, తప్పు మాట పెట్టడానికీ తేడా ఉంది.

మన బడి పిల్లలకి ఈ తేడా ఇంకా ముఖ్యం. మనం పదో తరగతి దాకా తెలుగులో చదివి, ప్లస్ టూలో ఇంగ్లీషు క్లాసులో కూర్చుంటాం. అక్కడ బోర్డు మీద ఆ 2 కనిపిస్తుంది. మనకి తెలిసిన కారణంతో లెక్క వేస్తే 1 వస్తుంది. అప్పుడు, మనం తెలుగు మీడియం వాళ్ళం, మనకి సరిగ్గా రాదు అనుకుంటాం. ఇంట్లో అమ్మానాన్నలు కూడా అలాగే అనుకుంటారు, వచ్చే ఏడాది తమ్ముణ్ణి వేరే బడిలో వేద్దామంటారు. తక్కువైంది భాష కాదు. ఆ సగం వివరణ ఇంగ్లీషులో చదివినవాళ్ళకీ 1 మాత్రమే ఇస్తుంది. బాణం, గీత, రాట్నం, జారడం, వంగడం, ఈ మాటలన్నీ మనకి ఉన్నాయి. పూర్తి కారణం చెప్పడానికి ఇవి సరిపోతాయి.

ఉపాధ్యాయులకి ఒక మనవి. గాలులు ఎందుకు వంగుతాయి అన్న ప్రశ్నకి జవాబు ఇలా రాయిస్తే నాలుగు వాక్యాల్లో అయిపోతుంది, మార్కులూ పోవు:

“భూమధ్యరేఖ వైపు వచ్చే గాలి భూమి అక్షానికి దూరం అవుతుంది. అక్కడి నేల తూర్పు వడి ఎక్కువ. దూరం పెరిగినందుకు గాలి సొంత తూర్పు వడి తగ్గుతుంది. ఈ రెండు కారణాలూ కలిసి గాలిని పడమటికి వెనకబడేలా చేస్తాయి.”

మూడో వాక్యం ఒక్కటే కొత్తది. అది చేరిస్తే ప్లస్ టూలో కనిపించే ఆ 2 కొత్త చుట్టంలా ఉండదు. తోటి విద్యార్థులు నా మాట నమ్మక్కర్లేదు. 14.71ని 30.29తో, 15.21ని 29.29తో గుణించి చూసుకోండి. కాగితం, పెన్సిలు చాలు.